సాక్షి పెంకులు

నేను భూమిని కొలిచేవాణ్ణి.
ముక్కాలి మీద యంత్రం నిలబెట్టి
రెండు సెంటీమీటర్ల తేడాలో నిజం చెప్పగలను.
అంతకు మించి నన్నెవరూ అడగరు.

సుబెరోవా లోయలో, పిరనీస్ కొండవాలున,
గ్రాషి గడ్డినేల కొలవడానికి వెళ్లాను.
ఎనభై ఒకటో ఏడు ఆవిడకి.
గడ్డపారే చేతికర్ర.
"ముందు ఆ హద్దురాయి కింద తవ్వించు,
కొలతలు తర్వాత" అంది.

మా బాస్కుల్లో ఒక పాత పద్ధతి ఉంది.
హద్దురాయి పాతేముందు
ఇంటికప్పు పెంకొకటి మూడు ముక్కలు చేసి
దాని అడుగున పూడుస్తారు.
వాటిని సాక్షులంటాం.
రాయి అబద్ధమాడొచ్చు.
విరిగిన అంచులు ఆడలేవు.
ఒకదాని పంట్లో ఇంకొకటి కూర్చుంటుంది,
లేదంటే లేదు.

పెయో మోచేతి లోతు తవ్వాడు.
వానపాములు. నాడా మేకొకటి.
పెంకు లేదు.

గ్రాషి ఆశ్చర్యపోలేదు.
తన నేలలోకే వెనక్కి నడిచింది,
పైకి లెక్కపెడుతూ, పదకొండు అంగలు.
ఫెర్న్ పొదల మధ్య మన్ను కాస్త కుంగిన చోట
గడ్డపార ఆనించి నిలబడింది.

మూడు ముక్కలు.
సెలయేటి నీళ్లలో కడిగి నా అరచేతిలో పెట్టింది.
కూర్చున్నాయి.

"అప్పుడు యుద్ధం. అవతలింటి మగవాళ్లు ఖైదులో ఉన్నారు.
నాకు ఎనిమిదేళ్లు. నాన్న, చిన్నాన్న, ఒక మోకు.
వెలుతురు ఇటు చూపించవే అన్నాడు నాన్న.
చూపించాను."

పో పట్నంలో లాయరు దగ్గర పనిచేసే మేనల్లుడు అలాందే
బూట్లకి మన్నంటకుండా గట్టు మీదే నిలబడి మాట్లాడాడు:
"ముప్పై ఏళ్లు అనుభవిస్తే చాలత్తా, చట్టం నీదేనంటుంది.
తప్పూ ఒప్పూ రాళ్లలాంటివి, ఎవరు పాతితే అక్కడుంటాయి.
అయినా ఎవరికిస్తావు?
ఆ ఇల్లమ్ముకుని వాళ్లెప్పుడో పోయారు.
ఇప్పుడది బోర్డో నుంచి వేసవికొచ్చే మొస్యూ వెర్దియేది.
ఈతకొలనుకి చోటు చూస్తున్నాడు.
అతను పోగొట్టుకున్నదేముంది?
ఇంకా వెనక్కి పోతే ఇదంతా
అందరి గొర్రెలూ మేసిన బీచ్ అడవి.
మొదటి రాయే దొంగదేమో."

ఒక్క ముక్కా కొట్టిపారేయలేకపోయాను.
ఆవిడా కొట్టిపారేయలేదు.
"అన్నీ నిజాలేరా," అంది.
"లాంతరు మాత్రం నేను పట్టుకున్నాను."

రాయి జరిపినవాడు చచ్చాక
దాన్ని భుజాన మోస్తూ రాత్రిళ్లు తిరుగుతాడని,
"ఎక్కడ దించను? ఎక్కడ దించను?" అని ఏడుస్తాడని
మా అమ్మమ్మ చెప్పేది.
ఎవరైనా తెగించి "ఎత్తిన చోటే" అంటే చాలట, విడుదల.
చిన్నప్పుడు నాకొకటే అనుమానం:
ఎత్తిన చోటు
ఎత్తినవాడికి తెలీదా?

నా కాగితంలో గళ్లున్నాయి.
పొడవు, వెడల్పు, స్వంతదారు, పొరుగువాడు.
లాంతరుకి గడి లేదు.
రాయి ఉన్నచోటే హద్దు రాశాను.
ఆవిడ సంతకం పెట్టింది, కళ్లజోడు తుడుచుకుని,
స్కూలు పిల్లలా ఒక్కో అక్షరం.
పెంకుల్ని మళ్లీ వాటి గుంటలోనే పడుకోబెట్టి
మన్ను కప్పింది. పైన రాయేదీ లేదు.

నాలుగు వేసవులైంది.
ఆ దారిన పోతూ ప్రతిసారీ జీపు ఆపుతాను.
కొండంతా గుండు గీసినట్టు కోసిన గడ్డి,
మధ్యలో ఒక్క పట్టీ నడుమెత్తు పెరిగి ఊగుతుంటుంది.
ముసలిదానికి ఓపిక తగ్గిందనుకుంటాడు మొస్యూ వెర్దియే.
మూడు బండ్ల మేత దండగంటాడు అలాందే.
ఇంత చేసీ ఎవరికీ ఇవ్వలేదుగా అంటాడు పెయో,
అదీ నిజమే.

పటంలో ఆ పదకొండు అంగలూ ఆవిడవి.
నేనే గీశాను, రెండు సెంటీమీటర్ల తేడా లేకుండా.
కొడవలి మాత్రం
ఫెర్న్ పొదల దగ్గరికొచ్చి
ఆగుతుంది.